వాన కురవకపోతే దేవుడికి కోపం వచ్చినట్టేనా? క్రైస్తవ విశ్వాసంలో దేవుని గుణం

క్లుప్తంగా: దేవుడు ప్రేమాస్వరూపి అని చెప్పే బైబిల్లోనే ఆయన ఉగ్రత గురించీ ఉంది. ఈ రెండింటినీ త్రాసులో చెరోవైపు పెట్టి తూచడం వల్లే చాలా గందరగోళం పుడుతోంది. నిర్గమకాండం 34వ అధ్యాయంలో దేవుడు తన గుణాన్ని తానే చెప్పుకున్న మాటలను, వాటిని తరువాతి తరాలు చదువుకున్న తీరును గమనిస్తే కోపానికి ఒక హద్దు కనిపిస్తుంది, కృపకు అది కనిపించదు. కరువును, ఫ్లోరైడు నీళ్ల వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును దేవుని శిక్షగా చెప్పడానికి ఆ వాక్యాల్లో ఉన్న ఆధారం సాధారణంగా అనుకునేంత బలమైనది కాదు.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లోని ఎన్నో ప్రార్థనా మందిరాల గోడల మీద "దేవుడు ప్రేమాస్వరూపి" అన్న వాక్యం కనిపిస్తుంది. యోహాను మొదటి పత్రిక 4వ అధ్యాయంలోని మాట అది. వానలు మొహం చాటేసిన ఏడు అదే మందిరంలో ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం కూడా వినిపించవచ్చు. తలపై ఆకాశం ఇత్తడిలా, కాళ్ల కింద నేల ఇనుములా మారుతుందని ఆజ్ఞ మీరిన జనానికి చేసిన హెచ్చరిక అందులో ఉంది. మొక్కజొన్న ఎండిపోయిన రైతుకు ఈ రెండో వాక్యం తన చేను గురించే రాసినట్టు అనిపిస్తుంది. అప్పుడు గోడ మీది వాక్యానికి అర్థం ఏమిటన్న ప్రశ్న లేస్తుంది. ఎవరూ గట్టిగా అడగకపోయినా, ఉపవాస ప్రార్థన ముగిసి ఇంటికి వెళ్లేటప్పుడు చాలామంది మనసులో తిరిగే ప్రశ్న ఇదే.

దీనికి తొందరగా దొరికే జవాబులు రెండున్నాయి. ప్రేమ నిజం, కోపం పాతకాలపు మాట అన్నది ఒకటి. ప్రేమ ఉన్నది విధేయులకు, కోపం ఉన్నది మిగిలినవారికి అన్నది రెండోది. రెండూ గ్రంథాన్ని సగమే చదువుతున్నాయి.

సీనాయి కొండ మీది మాట

యూదు, క్రైస్తవ సంప్రదాయాల్లో దేవుని గుణం గురించిన చర్చ ఎక్కడికి పోయినా నిర్గమకాండం 34:6, 7 వచనాలకు తిరిగి రావలసిందే. అక్కడ దేవుని గురించి మరొకరు చెప్పడం లేదు. ఆయనే తన పేరు పలికి, తాను ఎలాంటివాడో ప్రకటిస్తున్నాడు: "కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములుగల దేవుడు."

ఈ మాట ఎప్పుడు వచ్చిందన్నది ముఖ్యం. దానికి రెండు అధ్యాయాల ముందే ఇశ్రాయేలీయులు బంగారు దూడను చేసుకుని మొక్కారు. మోషే ఆజ్ఞల పలకలను నేలకేసి పగలగొట్టాడు. దేవుడు జనంతో చేసుకున్న నిబంధన, అంటే ఒడంబడిక, తెగిపోయిందనిపించిన ఆ ఘడియలో మోషే దేవుని మహిమను చూపమని అడుగుతాడు. తన మంచితనాన్ని అతని ఎదుట కనపరుస్తానని దేవుడు జవాబిస్తాడు. అంటే దేవుని గుణం వెల్లడైంది జనం బుద్ధిగా ఉన్న రోజున కాదు, నమ్మకద్రోహం చేసిన మరునాడు.

ఆ వచనంలోని హీబ్రూ మాటలను తెలుగువారికి వివరించడానికి నిఘంటువు కన్నా ఇంటి భాషే ఎక్కువ ఉపయోగపడుతుంది. "కనికరము" అని అనువదించిన "రహూమ్", గర్భానికి వాడే "రెహెమ్" ఒకే ధాతువుకు చెందినవి. కన్నతల్లికి బిడ్డ మీద ఉండే ఆ లాగుడును తెలుగులో కడుపుతీపి అంటారు. ఇంతకన్నా దగ్గరి మాట దొరకడం కష్టం. ఉర్దూ మాటలు రోజువారీ సంభాషణలో కలిసిపోయిన పాలమూరులో ఈ ధాతువుకు మరో బంధువు కూడా పరిచయమే. ముస్లిం ఇరుగుపొరుగు పని మొదలుపెట్టేటప్పుడు పలికే "రహ్మాన్", "రహీమ్" అన్న దైవనామాలు అరబ్బీలో అదే ధాతువు నుంచి పుట్టినవి.

"దీర్ఘశాంతము" కథ ఇంకా ఆసక్తికరం. మూలంలో "ఎరెక్ అప్పయిమ్" అని ఉంది. మాటకు మాట చెబితే "ముక్కు పొడవైనవాడు" అని. హీబ్రూలో ముక్కుకూ కోపానికీ ఒకే పదం. కోపం వచ్చినప్పుడు ముక్కుపుటాలు వేడెక్కుతాయన్న గమనింపు నుంచి వచ్చిన వాడుక ఇది. ఇట్టే మండిపడేవారికి ముక్కు మీదే కోపం ఉంటుందని తెలుగువారు అనడం లేదా! దేవుడికి ముక్కు మీద కోపం లేదన్నదే ఆ పదానికి సరైన తెలుగు తాత్పర్యం. కోపమే లేదని ఆ వాక్యం అనడం లేదు, అది రావడానికి చాలా దూరం నడవాలని అంటున్నది.

"కృప" అన్నచోట మాత్రం తెలుగు పాఠకుడు కొంత పోగొట్టుకుంటాడు. తెలుగులో కృప పైనున్నవాడు కిందివాడి మీద చూపేది. మూలంలోని "హెసెద్" ఇచ్చిన మాటకు కట్టుబడి ఉండడాన్ని, బంధాన్ని వదలకపోవడాన్ని చెబుతుంది. అలాగే "సత్యము"కు మూలమైన "ఎమెత్", ప్రార్థన చివర పలికే "ఆమేన్" ఒకే వేరు నుంచి వచ్చినవి. అబద్ధం కానిదన్న అర్థంతో అది ఆగదు. భారమంతా మోపినా కుంగనిదని కూడా అర్థం. జాలిపడే యజమాని కన్నా మాట తప్పని బంధువు అన్న చిత్రమే ఈ వచనానికి దగ్గర.

మూడు నాలుగు తరాల లెక్క

వచనం అక్కడితో ఆగిపోతే ఏ చిక్కూ లేకపోయేది. దేవుడు వేయివేలమందికి కృప చూపుతాడనీ, దోషాన్ని క్షమిస్తాడనీ, అయితే దోషులను ఊరకే విడిచిపెట్టక తండ్రుల దోషాన్ని మూడు నాలుగు తరాల దాకా రప్పిస్తాడనీ తరువాతి మాట. ఇంట్లో అంగవైకల్యంతో బిడ్డ పుట్టినా, వరుసగా అప్పులపాలైనా "పెద్దలు చేసిన పాపం" అని అనుకునే అలవాటు ఊళ్లలో ముందే ఉంది. ఆ అలవాటుకు ఈ మాట తోడైతే వంశశాపం అన్న బోధ తేలికగా తయారవుతుంది.

ఇక్కడ చూడవలసింది నిష్పత్తి. ఒకవైపు వేలు, ఇంకోవైపు మూడు లేదా నాలుగు. ద్వితీయోపదేశకాండం 7వ అధ్యాయం ఆ వేలను వెయ్యి తరాలుగానే చెబుతుంది. రెండు సమాన శక్తుల మధ్య పోటీని వర్ణించదలచినవారు ఇలాంటి అంకెలు వాడరు. పైగా తాత, తండ్రి, కొడుకు, మనుమడు ఒకే కప్పు కింద బతికిన కాలంలో మూడు నాలుగు తరాలంటే నడుస్తున్న ఒక ఉమ్మడి కుటుంబం. ఇంటిపెద్ద చేసిన తప్పు ఆ ఇంట్లో ఉన్నవారందరి మీదా పడుతుందన్న అనుభవం ఆ మాట వెనుక ఉందని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. తాత పెట్టిన తాకట్టుకు మనుమడు పొలం పోగొట్టుకోవడం చూసిన ప్రాంతానికి ఇది అర్థం కానిది కాదు.

ఇంతకన్నా బలమైన ఆధారం బైబిల్ లోపలే ఉంది. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెత, యూదులు బబులోనుకు బందీలుగా వెళ్లిన చెర కాలంలో వారి నోట నలిగింది. యెహెజ్కేలు 18వ అధ్యాయం ఆ సామెతను ఇక వాడవద్దని దేవుని పేరుతో నిషేధిస్తుంది. తండ్రి దోషాన్ని కుమారుడు మోయడనీ, ఎవరి లెక్క వారిదేననీ తేల్చి చెబుతుంది. యిర్మీయా 31వ అధ్యాయంలోనూ అదే సామెత, అదే తిరస్కారం. పాత నిబంధన తనలోని ఒక మాటను తానే హద్దులో పెట్టుకోవడం ఇది.

మరోచోట ఈ గుణవర్ణన ఫిర్యాదుగా మారుతుంది. నీనెవె పట్టణం నాశనమవుతుందని ప్రకటించిన యోనా, అక్కడివారు మారి శిక్ష తప్పించుకోగానే అలుగుతాడు. దేవుడు కటాక్షం, జాలి, బహుశాంతం గలవాడని తనకు ముందే తెలుసనీ, అందుకే మొదట పారిపోయాననీ అంటాడు. సీనాయి కొండ మీది మాటలనే దేవుడికి అప్పజెప్పి, ఇదే నీతో చిక్కు అని నిష్ఠూరమాడుతున్నాడు. దేవుని దయ శత్రువుకూ అందుతుందన్నదే యోనాకు మింగుడుపడని విషయం. దేవుడు ఎవరినైనా శిక్షిస్తే బాగుండునని కోరుకునే మనుషులను ఆ చిన్న పుస్తకం సూటిగా చూపిస్తుంది.

కోపం దేనిమీద

కోపం ఎందుకు ఉండాలన్న ప్రశ్నకు నల్లగొండ చరిత్ర నుంచే జవాబు చెప్పవచ్చు. నిజాం కాలంలో దొరల గడీల ముందు వెట్టిచాకిరి చేసిన కుటుంబాల వారసులు ఈనాటి సంఘాల్లో ఉన్నారు. ఆ అణచివేత మీద 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటానికి నల్లగొండ కేంద్రం. కూలి ఇవ్వకుండా పని చేయించుకున్నవాడిని చూసి ఏమీ అనిపించని దేవుడిని ప్రేమగలవాడని ఆ కుటుంబాలు ఒప్పుకోగలవా? బీదవాడిని చెప్పుల జత కోసం అమ్మేసేవారి మీద, దొంగ త్రాసులతో తూచేవారి మీద ఆమోసు ప్రవక్త చూపిన కోపం ఇలాంటిదే. పొలం కోసినవారికి ఎగ్గొట్టిన కూలి మొరపెడుతోందని, ఆ కేకలు దేవుని చెవుల్లో పడ్డాయని యాకోబు పత్రిక 5వ అధ్యాయం అంటుంది. ముంబయికో పుణేకో వలస పోయి, కూలీలను తీసుకుపోయే ముకద్దం చేతిలో మోసపోయి తిరిగివచ్చిన పాలమూరు కూలీకి ఆ వాక్యం ఓదార్పు. భయం పుట్టవలసింది కూలి ఎగ్గొట్టినవాడికి.

కాబట్టి బైబిల్లో ఉగ్రతను ప్రేమకు ఎదురుగా నిలబెట్టడం సరికాదు. ప్రేమించినదాన్ని ఎవరైనా పాడుచేసినప్పుడు ఆ ప్రేమ తీసుకునే రూపమే ఎక్కువ చోట్ల ఉగ్రతగా కనిపిస్తుంది. దేవుడు వెలుగు, ఆత్మ, దహించే అగ్ని అన్న వాక్యాలు కొత్త నిబంధనలో ఉన్నాయి. ఆయన కోపస్వరూపి అన్న వాక్యం ఎక్కడా లేదు. కోపం ఆయన చేసే పని, ప్రేమ ఆయన ఉనికి. 30వ కీర్తన ఆ కోపం నిమిషమాత్రమనీ, దయ ఆయుష్కాలమంతా నిలుస్తుందనీ చెబుతుంది.

యాదగిరిగుట్ట నీడలో పెరిగిన పాఠకుడికి ఇక్కడ ఒక పోలిక తట్టవచ్చు. హిరణ్యకశిపుడి ముందు ఉగ్రరూపం, ప్రహ్లాదుడి ముందు ప్రసన్నత ఒకే నరసింహుడివి. పీడకుడి మీది కోపమూ పసివాడి మీది వాత్సల్యమూ ఒకే మూలం నుంచి వస్తాయన్నంత వరకు పోలిక దగ్గరగానే ఉంది. ఆ సంప్రదాయంలో గుణాలు వేర్వేరు మూర్తులుగా దర్శనమిస్తాయి. క్రైస్తవ బోధలో అవన్నీ ఒకే వ్యక్తి జీవితంలో చూడవలసినవి. ఆ వ్యక్తి యేసు.

తండ్రి ఒకలా, కుమారుడు ఒకలా?

పాత నిబంధన దేవుడు కోపిష్టి, యేసు దయగలవాడు అన్న అభిప్రాయం కొత్తదేమీ కాదు. రెండో శతాబ్దంలో మార్కియోను అనే బోధకుడు వీరిద్దరూ వేర్వేరు దేవుళ్లేనని వాదించాడు. క్రీ.శ. 144 ప్రాంతంలో రోమా సంఘం అతన్ని వెలివేసింది. వాదం ఓడిపోయినా భావన పోలేదు. సిలువను వివరించేటప్పుడు అది మళ్లీ తల ఎత్తుతుంది: తండ్రి కొట్టబోతుంటే కుమారుడు అడ్డుపడ్డాడని. వినేవారి గుండెకు తాకే చిత్రమే, కానీ పౌలు రాసింది అది కాదు. మనం ఇంకా పాపులుగా ఉన్నప్పుడే క్రీస్తు చనిపోవడం ద్వారా దేవుడు తన ప్రేమను వెల్లడించాడని రోమా పత్రిక 5వ అధ్యాయం చెబుతుంది. ప్రేమ మొదలైంది తండ్రి దగ్గర. సిలువ ఆయన మనసు మార్చలేదు, దాన్ని బయటపెట్టింది.

తెలుగు బైబిల్ పాఠకుడికి ఈ ఐక్యతను పట్టిచ్చే ఆనవాలు ఒకటుంది. యోహాను సువార్త మొదటి అధ్యాయం యేసును "కృపాసత్యసంపూర్ణుడు" అంటుంది. సీనాయి కొండ మీద వినిపించిన "కృపాసత్యములు" అన్న జంటపదమే ఇది. హెబ్రీ పత్రిక మొదటి అధ్యాయం ఆయనను దేవుని తత్వానికి "మూర్తిమంతము" అని పిలుస్తుంది. ఆ మాటకు గ్రీకు మూలం "ఖరక్తేర్". నాణెం మీద అచ్చు గుద్దితే పడే ముద్ర అని అర్థం. గుణానికి ఇంగ్లీషువారు వాడే క్యారెక్టర్ అన్న పదం అక్కడి నుంచే పుట్టింది. క్రైస్తవ విశ్వాసం ప్రకారం అచ్చు ఎలా ఉందో తెలియాలంటే ముద్రను చూడాలి.

దక్షిణ తెలంగాణ సంఘాల చరిత్రకు దీనితో సంబంధం ఉంది. 1889లో భారతదేశానికి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు అమెరికన్ బాప్టిస్ట్ మిషన్‌తో కలిసి నల్లగొండలో పని మొదలుపెట్టారు. వారు రష్యా సామ్రాజ్యంలోని మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ సంఘాల మనుషులు. 20వ శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన అదే శాఖవారు నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి వంటి చోట్ల కేంద్రాలు ఏర్పరచారు, జడ్చర్లలో ఆసుపత్రి నడిపారు. ఆయుధం పట్టకపోవడం, శత్రువును ప్రేమించడం మెన్నోనైట్ల పాత వారసత్వం. దానికి పునాది మత్తయి 5వ అధ్యాయం: శత్రువులను ఎందుకు ప్రేమించాలంటే పరలోకపు తండ్రి అలాంటివాడు కనుక. నల్లగొండ కేంద్రంగా ఉన్న కతోలిక మేత్రాసనంలో (బిషప్ పరిధిలోని సంఘాల్లో) సర్వేశ్వరుడన్న పేరుతో, బాప్టిస్టు, మెన్నోనైట్, పెంతెకొస్తు సంఘాల్లో యెహోవా అన్న పేరుతో పిలిచినా ఈ పునాదిపై భేదం లేదు.

తేలని ముడి ఒకటి ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు. యెహోషువ గ్రంథంలోని కనాను యుద్ధాల్లో పట్టణాలకు పట్టణాలే హతమయ్యాయి. అవి ఒక్కసారికే పరిమితమైన తీర్పు అని కొందరు, ఆ కాలపు యుద్ధభాషలోని అతిశయోక్తి అని కొందరు, యేసు వెలుగులో వాటిని తిరిగి చదవాలని మరికొందరు అంటారు. ఏ జవాబూ అన్ని ప్రశ్నలనూ తీర్చదు. ఆ అధ్యాయాలను చదివి బాధపడే విశ్వాసిని అవిశ్వాసి అనడం మాత్రం అన్యాయం.

వాన, బోరు నీళ్లు, వంగిన నడుము

దక్షిణ తెలంగాణలో ఈ చర్చ అటు ఆకాశం దగ్గరికి, ఇటు బోరు దగ్గరికి వస్తుంది. ద్వితీయోపదేశకాండంలోని వాన, కరువు మాటలు ఇశ్రాయేలు అనే ఒక జనంతో, ఒక దేశానికి సంబంధించి చేసిన నిబంధనలోవి. వాటిని ఒక్కొక్క రైతు చేనుకు వాతావరణ సూచనగా మార్చడానికి యేసు మాటే అడ్డు: తండ్రి చెడ్డవారి మీద, మంచివారి మీద సూర్యుని ఉదయింపజేసి, నీతిమంతుల మీద, అనీతిమంతుల మీద వాన కురిపిస్తున్నాడు. పాలమూరు వానలేమికి పడమటి కనుమల చాటున ఉండడం ఒక కారణం. కృష్ణా నది పక్కనే పారుతున్నా పొలాలు ఎత్తున ఉండడం, ఎత్తిపోతలకు దశాబ్దాల పాటు ఎదురుచూడవలసి రావడం మరో కారణం. ఇవి కొలవగలిగినవి, కొన్ని మార్చగలిగినవి కూడా.

దీనికి తిరగేసిన బోధ కూడా ఉంది. ఆటోల మీద, ఇళ్ల గడపల మీద కనిపించే "యెహోవా యీరే" (దేవుడే చూసుకుంటాడు) అన్న పేరును, కానుక వేస్తే అప్పు తీరుతుందన్న హామీగా చెప్పేవారున్నారు. ఆదికాండం 22వ అధ్యాయంలో ఆ పేరు అబ్రాహాము కొడుకుకు బదులు పొట్టేలు దొరికిన కొండకు పెట్టినది. దాన్ని వడ్డీ లెక్కగా మారిస్తే బోరు ఎండిన ప్రతిసారీ తప్పు రైతు విశ్వాసం మీదికి వస్తుంది. శిక్ష బోధ, సమృద్ధి బోధ పైకి వేరైనా లోపల ఒకే యంత్రం: మనిషి స్థితిని బట్టి దేవుని మనసును చదవడం. కష్టాల్లో పడిన యోబును చూసి అతని స్నేహితులు చేసింది అదే. వారు తన గురించి యుక్తమైనది పలకలేదని దేవుడే ఆ గ్రంథం చివర వారి మీద కోపగించాడు.

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు దేవుని మనసును ఇలా చదవడం కలిగించే నష్టం మరీ ఎక్కువ. అక్కడి గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి, కాళ్లు వంకరపోతాయి, వెన్ను వంగిపోతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడును తీసే పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. మిషన్ భగీరథ కింద పైపుల్లో నదీజలం రావడానికి ముందు రెండు మూడు తరాలు ఆ బోరు నీళ్లే తాగాయి. తండ్రులు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న పాత సామెత అక్కడ అక్షరాలా నిజమైనట్టు కనిపిస్తుంది, కానీ తరం నుంచి తరానికి దిగింది నీళ్లలోని ఫ్లోరైడే. అలా కాళ్లు వంకరపోయిన బిడ్డ తల్లిని ఏ పాపం చేశావని అడిగితే ఆమె దేవుడి ముందుకు రావడానికి భయపడుతుంది, వైద్యుడి దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడుతుంది, నీటి పరీక్ష చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

పుట్టుగుడ్డివాడిని చూసి వీడు పాపం చేశాడా, వీని కన్నవారు చేశారా అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్నాడు. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావారికన్నా పెద్ద పాపులు కారన్నాడు. లూకా సువార్త 13వ అధ్యాయంలో ఆ గోపురం మాట తరువాత కొద్ది వచనాలకే ఒక స్త్రీ వస్తుంది. 18 ఏళ్లుగా నడుము వంగిపోయి, ఏమాత్రం నిటారుగా నిలబడలేని స్త్రీ. ఆ వంపు దేవుడు వేసిన శిక్ష అని కథలో ఎక్కడా లేదు, అది సాతాను కట్టిన కట్టు అని ఉంది. యేసు ఆమెను దగ్గరికి పిలిచి, "అమ్మా" అని పలకరించి, చేతులుంచి నిలబెట్టాడు. పని చేయకూడని విశ్రాంతిదినాన ఇలా చేయవచ్చా అని సమాజమందిరపు అధికారి కోప్పడ్డాడు. యేసు ఆమె గతం గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు. మీలో ప్రతివాడూ విశ్రాంతిదినాన తన ఎద్దునో గాడిదనో కొట్టం నుంచి విప్పి నీళ్లకు తోలుకుపోతాడు కదా అని మాత్రం వారిని అడిగాడు.